మొక్కను పెంచు చేతులు

పెన్‌పహాడ్ వంటి సూర్యాపేట జిల్లా మండలములలో ఎఱ్ఱమట్టిని జల్లెడపట్టి, చివికిన పెంటయెరువును కలిపి, నల్లసంచులలో నింపి, రాలిన కొలదివారములకే మొలకశక్తి నశించు వేపగింజను సకాలమున నాటి, మండువేసవిలో తడియారనీక కాపాడు నర్సరీ కూలీల నేర్పు, నా దృష్టిలో, ఏ శాస్త్రజ్ఞానమునకును తీసిపోదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ఊరూర నర్సరీ యుండవలెననెను. కాని పట్టణవీథులలో కరెంటుతీగల క్రింద ఏ వృక్షము తగునో, వేళ్లకెంత చోటు విడువవలెనో నిర్ణయించుటకు చదువును వలయును. ఆ చదువు 2016లో మొదలై, నేడు సిద్దిపేట జిల్లా ములుగులో (సమ్మక్క జాతర జరుగు ములుగు జిల్లా కాదు సుమా!) ఉన్న అటవీ కళాశాలలో నాలుగేండ్ల పట్టముగా లభించును. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల వీథులకు నీడ కావలసియున్నది. తండాల బిడ్డలారా, నర్సరీ కూలీల కూతుళ్లారా, ఇంటరు ముగియగానే ఆ కళాశాలకు దరఖాస్తు చేసికొనుడు.