గానుగ నూనెకు కాపలా

యాసంగి పల్లీలు యార్డులకు వచ్చే రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ గానుగల దగ్గర జనం క్యాన్లతో నిలబడతారు. ఏడాదికి సరిపడా ఒకేసారి పట్టించుకుంటే నిశ్చింత అని లెక్క. వానలు పడేసరికి మూత తీస్తే ముక్కిన వాసన. "కల్తీ చేసిండు" అంటూ నింద గానుగాయన మీద.

చాలాసార్లు ఆయన తప్పేమీ ఉండదు. పల్లి నూనెలో ఒలీయిక్ ఆమ్లంతో పాటు లినోలీయిక్ ఆమ్లమూ దండిగా ఉంటుంది. గాలి తగిలితే ఈ రెండోది దాదాపు పదింతలు త్వరగా చెడుతుంది. చెడిన అణువు పక్కదాన్ని చెడగొడుతుంది, అది ఇంకోదాన్ని. ఈ వరసను తెంపడానికి గింజలోనే విటమిన్ ఇ ఉంది. నూనెకు బదులు అది ఖర్చవుతుంది. అది అయిపోయాక ఇక వాసనే.

కంపెనీ ప్యాకెట్ మీద ఐఎన్ఎస్ 319 అని ఉంటే అది టీబీహెచ్‌క్యూ అనే కృత్రిమ రక్షకం; 392 అయితే రోజ్‌మేరీ సారం. పాలమూరులో రోజ్‌మేరీ ఎక్కడిది? నువ్వులున్నాయిగా! నువ్వుల నూనె చాన్నాళ్లు నిలిచేది అందులోని సెసమాల్, సెసమోలిన్ వల్లనే. పల్లి నూనెలో కాస్త కలిపితే ఆ బలం దీనికీ కొంత దక్కుతుంది. వెన్న కాచేటప్పుడు కరివేపాకో తమలపాకో వేయడంలోనూ ఉన్నది ఇదే కిటుకు. అయితే అక్కడ ఆకు గలగలలాడేదాకా వేగుతుంది. అది చూసి కాచని నూనెలో తడి ఆకు పడేస్తే తేమ చేరి ఉన్నదీ పోతుంది. సహజం అనగానే మనవాళ్లు ముందూవెనకా చూడరు.

నన్నడిగితే సగం పని గానుగకు పోకముందే అయిపోవాలి. కాయ బాగా ఎండాలి, గింజ నలగకూడదు. పచ్చికాయ కుప్పపోసి బూజు పట్టిస్తే, ఆ అఫ్లాటాక్సిన్ విషాన్ని ఏ ఆకూ విరవదు. విత్తనంలోనూ దారి ఉంది. పటాన్‌చెరు ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన డైరెక్టరేట్ కలిసి తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకాలు 2020లో విడుదలయ్యాయి. వాటి నూనెలో ఒలీయిక్ ఆమ్లం 80 శాతం దరిదాపుల్లో ఉంటుంది. యార్డులో వాటికి పైధర పలికితే రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మడ్డి దిగాక తేట నూనె వంచుకోండి. రాగి, కళాయి లేని ఇత్తడి వద్దు; ఆ లోహం తగిలితే నూనె ఇంకా తొందరగా చెడుతుంది. స్టీలు డబ్బాలో నిండుగా పోసి, పొయ్యికి దూరంగా చీకట్లో పెట్టండి. కిటికీలో గాజు సీసా చూడ్డానికే బాగుంటుంది. పాత నూనె మీద కొత్తది పోయకండి. అన్నిటికంటే ముందు, ఏడాది నూనె ఒకేసారి పట్టించకండి. ఎండిన కాయ దాచుకుని, రెండు నెలలకోసారి ఒలిచి గానుగకు తీసుకెళ్లండి.