రామదాసు ఓర్పు మాకెందుకు?

మా బాపు గడి ముందర చెప్పులు చేతుల పట్టుకొని నడిచిన మనిషి. జగిత్యాల దిక్కు మా ఊర్లె దొరకు వెట్టి చేసిండు. నేను డిగ్రీ చదివి సర్కారు బడి పంతులునైన. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాదే. మొన్న బడి వార్షికోత్సవానికి ఆ గడి మనవడు అతిథిగా వచ్చి, ‘పాతవన్నీ మర్చిపోవాలె, అందరం ఒక్కటే’ అన్నడు. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. నా చేతులు లేవలేదు.

ఆ రాత్రి ‘మాలపల్లి’ మళ్లీ తీసిన. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ మాల కుటుంబాన్ని నవల నడుమ నిలబెట్టిండు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ గొప్పతనం కాదనను. కాని చౌదరయ్య చేతుల కొడుకు సంగదాసు చచ్చిపోతే రామదాసు పగ పట్టడు, వేదాంతంతో దుఃఖం మింగుతడు. ఇంకో కొడుకు వెంకటదాసు తిరగబడుతడు. నవల మనసు మాత్రం తండ్రి దిక్కే. సంస్కర్తకు ఓర్చుకునే మాలోడే ముద్దు.

శిక్షించే బలమున్నోడు విడిచిపెడితే అది క్షమ. దిక్కులేనోడు ఊరుకుంటే దాన్ని క్షమ అనుడెట్ల?

1978ల కూలీలు దొరల మీద లేస్తే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్లలను కల్లోలిత ప్రాంతాలన్నది. తరతరాల వెట్టి మాత్రం కల్లోలం కాదట! 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిల గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన్రు. అమరుల స్తూపాన్ని 1986ల కూలగొట్టిన్రు. మర్చిపొమ్మనెటోళ్లకు రాయి యాదికున్నా భయమే.

దక్షిణాఫ్రికాల 1996ల డెస్మండ్ టుటు అధ్యక్షతన సత్య కమిషన్ విచారణలు మొదలైనయి. అక్కడ క్షమాభిక్ష కావాలంటే ముందు చేసిన నేరం పూర్తిగ ఒప్పుకోవాలె. మన దగ్గర? 1991 ఆగస్టు 6న చుండూరుల ఎనిమిది మంది దళితులను చంపిన్రు. 2007ల ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014ల హైకోర్టు అందరినీ నిర్దోషులన్నది. ఇగ మనం ఎవర్ని క్షమించాలె?

నా కోపం ఆ మనవడి మీద కాదు. లెక్క తేలకముందే చిట్టా చింపుదామన్న మాట మీద.

మర్నాడు బాపును అడిగిన, ‘బాపూ, దొరను మాఫ్ చేసినవా?’ అని.

బాపు బీడీ ఆర్పి నా మొకం చూసిండు. ‘వాడు నన్నడిగిండా బిడ్డా?’ అన్నడు.

ఆ ప్రశ్న రామదాసు నోటెంట వచ్చుంటే ‘మాలపల్లి’ వేరే నవలయ్యేది. ఆ నవల ఇగ మనమే రాయాలె.