మంచుతుఫానులో పురుటిగది

1865-69 మధ్య వెలువడిన టాల్‌స్టాయ్ ‘యుద్ధం - శాంతి’ నవలలో రణరంగాల నడుమ ఒక పురుటి రాత్రి ఉంది. కాలం 1806 మార్చి. ఆస్టర్‌లిట్జ్ యుద్ధంలో ఆండ్రీ మరణించాడనే తండ్రి నమ్మకం. ఆ మాట నిండు చూలాలైన కోడలు లీజాకు చెప్పలేదు.

బయట మంచుతుఫాను. మాస్కో నుంచి రావలసిన జర్మన్ వైద్యుడికి దారి చూపడానికి లాంతర్లతో రౌతులను పంపారు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అయినా ఏమీ ఎరగనట్టే ఉంటారు. నొప్పుల సంగతి ఎంత తక్కువమందికి తెలిస్తే తల్లికి అంత సులువని వారి విశ్వాసం. ముసలి దాది మేజోడు అల్లుతూ పాత పురుళ్ల కబుర్లు చెబుతుంది. వసంతం వచ్చిందని కిటికీల రెండో చట్రం అప్పటికే తీసేశారు. గాలి దూసుకువచ్చి కొవ్వొత్తిని ఆర్పుతుంది. ఈ తుఫాను వర్ణన కోసం వచ్చింది కాదు. తొందరపడిన ఆశకు అది హెచ్చరిక.

వైద్యుడితోపాటు ఆండ్రీయే మెట్లెక్కి వస్తాడు. పాఠకుడి ఊరట ఎంతోసేపు నిలవదు. బిడ్డ దక్కుతాడు, తల్లి దక్కదు.

ఒక అభ్యంతరం ఉంది. నిరీక్షణ అంతా తలుపుకు ఇవతలే సాగుతుంది. లీజా బాధ మనకు చాలావరకు కేకగానే వినిపిస్తుంది. ఆమె చావు భర్త పశ్చాత్తాపానికి సాధనమైందనే విమర్శను తోసిపుచ్చలేం. కాని తానేం తప్పు చేశానని నిలదీస్తున్నట్టున్న ఆ మృతముఖాన్ని చూడలేక మామ కోపంగా తల తిప్పుకుంటాడు. ఆ ప్రశ్నకు రచయిత జవాబు చెప్పలేదు. దాన్ని కప్పిపుచ్చనూ లేదు. ఈ అధ్యాయాల బలం అక్కడే ఉంది. విద్యార్థులు తుఫానును మెచ్చుకునే ముందు తలుపు అవతల ఉన్న మనిషిని గుర్తుంచుకోవాలి.