లూథర్ ప్రశ్నోత్తరి – బొగ్గుబాయి పిల్లలు

లూథరన్ హైస్కూళ్ళలో మన పిల్లలకు ఏ దేవుణ్ణి నేర్పుతున్నారు? ఈ ప్రశ్నను దళిత ఉద్యమం ఇంతవరకూ గట్టిగా పట్టించుకోలేదు. క్రైస్తవం గురించి మనవాళ్ళు రెండు రకాలుగానే మాట్లాడుతూ వచ్చారు. మిషనరీలు అక్షరం ఇచ్చారు గనక నోరెత్తకూడదు అనేది ఒకటి. మతం మత్తుమందు గనక దాని జోలికే పోనక్కర్లేదు అనేది రెండోది, ఇది కమ్యూనిస్టుల దగ్గర నేర్చుకున్నది. ఈ రెంటి మధ్యా తొమ్మిదో తరగతి పిల్ల లేచి నిలబడి అప్పజెప్పే పాఠంలో ఏముందో చూసినవాళ్ళు తక్కువ. మేం ఆ పాఠాన్నే చదవదలిచాం.

గోదావరిఖనిలో ఉండి రాస్తున్నాం. ఇది లూథరన్లకు పాత సీమ కాదు. వాళ్ళ పాత సీమ గుంటూరు, పల్నాడు, గోదావరి జిల్లాలు. బొగ్గు పట్టీలో మిషను అంటే పాత పేరు దోర్నకల్. సింగరేణి బొగ్గు కోసం రైలు దారి చీలిన ఆ జంక్షన్‌లోనే 1912లో వి.ఎస్. అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. రామగుండం, గోదావరిఖని బాయిలు 1960ల తర్వాతి సంగతి. దొరల ఊళ్ళు విడిచి వచ్చిన మాలలు, మాదిగలు, కోస్తా నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడ తట్టా చెమ్మాస్ పట్టారు. ఎవరి ప్రార్థన వాళ్ళు వెంట తెచ్చుకున్నారు. అయినా లూథర్ పుస్తకాన్ని ఇక్కణ్ణించే చదవాలనడానికి మాకో కారణం ఉంది. లూథర్ గనుల సీమ బిడ్డ.

1483లో ఆయన పుట్టిన ఐస్లేబెన్, పెరిగిన మాన్స్‌ఫెల్డ్ రాగి గనుల ఊళ్ళు. తండ్రి హాన్స్ రాగి కరిగించే పనిలో బతికాడు. అట్లాగని తట్ట మోసిన కూలీ అనుకునేరు. కొలుములు లీజుకు తీసుకుని పైకి వచ్చినవాడు, మన బెల్టు లెక్కలో కాంట్రాక్టరు. 1546లో లూథర్ చనిపోయింది కూడా ఐస్లేబెన్‌లోనే, మాన్స్‌ఫెల్డ్ ప్రభువుల తగాదా తీర్చడానికి వెళ్ళి. ఈ నాలుగు ముక్కలు చెబితే గోదావరిఖని పిల్లలు చెవులు రిక్కించి వింటారు. కానీ మాలో మిషను హాస్టళ్ళలో ఉండి చదివినవాళ్ళకు చెప్పిన లూథర్ కథ 1517లో తలుపుకు కాగితం కొట్టడంతో మొదలై 1521లో వర్మ్స్ సభలో ఆయన ధైర్యంగా నిలబడటంతో అయిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు ఏం జరిగిందో పీజీకి వచ్చి లైబ్రరీలో చదువుకోవలసి వచ్చింది.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. 1842లో హేయర్ గుంటూరు చేరి బడి పెట్టిన నాటికి మాల మాదిగ పిల్లల్ని పలక పట్టనిచ్చిన బడి ఈ గడ్డ మీద దాదాపు లేదు. వాళ్ళు వచ్చి కూర్చుంటే అగ్రకుల పిల్లలు లేచిపోయిన బళ్ళు ఎన్నో ఉన్నాయి. బడి మూతపడినా సరే వీళ్ళను కూర్చోబెట్టుకుంటాం అన్న మిషనరీలూ ఉన్నారు, అగ్రకులాల కోసం వేరే ఇంగ్లీషు బడి పెట్టుకున్న మిషనరీలూ ఉన్నారు. ఈ చరిత్రను కాదనే హక్కు మనకు లేదు. కానీ అక్షరంతో పాటు వచ్చిన పాఠాన్ని విమర్శించే హక్కు ఆ అక్షరమే ఇచ్చింది.

ఇక పాఠం. లూథరన్ బోధకు వెన్నెముక 1529లో లూథర్ రాసిన చిన్న కాటికిజం, అంటే చిన్న ప్రశ్నోత్తరి. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభురాత్రి భోజనం. ఒక్కోదానికీ ‘దీనికి అర్థమేమి?’ అన్న తీరులో ప్రశ్న, చిన్న జవాబు. అప్పట్లో పల్లెల్లో పాస్టర్లకే ఏమీ రాదని చూసి లూథర్ ఇంటింటా పిల్లలు నేర్చుకునేట్టుగా రాశాడు. 1524లోనే పట్టణాల పెద్దలకు బళ్ళు పెట్టమని, ఆడపిల్లల్నీ పంపమని రాసిన మనిషి ఆయన. బోధన తెలిసినవాడు. అందుకే ఈ పుస్తకం అయిదు వందల ఏళ్ళుగా బతికింది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

విశ్వాస ప్రమాణం మొదటి భాగానికి ఆయన చెప్పిన అర్థం చూడండి. దేవుడు నన్ను పుట్టించి ఊరుకోలేదట. బట్టలు, చెప్పులు, తిండి, ఇల్లు, పెళ్ళాం పిల్లలు, పొలం, పశువులు ఇచ్చాడట. ఇవన్నీ నా యోగ్యత చూసి కాక దయతో ఇచ్చాడు గనక ఆయనకు రుణపడి ఉండాలట. ఇది సొంత పొలం ఉన్న జర్మన్ రైతు నోట్లో ఇమిడిన జవాబు. దీన్నే తెలంగాణ మాదిగ పిల్లవాడు చదివితే ఏమవుతుంది? చెప్పులు కుట్టినవాడు వాడి తాత. కుట్టి దొరకు వెట్టిగా ఇచ్చినవాడు. గడీ ముందు నుంచి పోయేటప్పుడు తన చెప్పులు చేత పట్టుకున్నవాడు. పొలం? ఉన్న కొద్దిమందికీ ఓపెన్‌కాస్టు కింద పోయింది. ఇల్లు కంపెనీ క్వార్టరు, రిటైరైన నాడు ఖాళీ చేయాల్సిందే. దేవుడు ఇచ్చినవాటి జాబితాలో తన దగ్గర లేనివే సగం ఉంటే ఆ పిల్లవాడు ఏమనుకోవాలి? నాకు ఇవ్వలేదు అనుకోవాలా, ఇచ్చినవి ఎవడో గుంజుకున్నాడు అనుకోవాలా? మొదటిది అనుకుంటే కర్మ సిద్ధాంతం దొడ్డిదారిన మళ్ళీ వచ్చినట్టే. రెండోది అనుకుంటే ఆ జవాబే ఆరోపణ పత్రం అవుతుంది. టీచరు ఏ వైపు తిప్పుతాడన్నదే అసలు సంగతి. కంఠతా పట్టించి మార్కులు వేసే టీచరు ఏ వైపూ తిప్పడు. తిప్పకపోతే అది దానంతటదే మొదటి వైపుకు జారుతుంది.

నాలుగో ఆజ్ఞ దగ్గర ఇంకా చిక్కుంది. (సీఎస్ఐ పిల్లలకు ఇది అయిదో ఆజ్ఞ, లెక్కపెట్టే పద్ధతి వేరు.) బైబిల్లో ఉన్నది తల్లినీ తండ్రినీ సన్మానించమని మాత్రమే. లూథర్ అర్థం చెబుతూ తల్లిదండ్రుల పక్కన యజమానుల్ని చేర్చాడు. వాళ్ళను తృణీకరించకూడదు, కోపం తెప్పించకూడదు, సేవించాలి, లోబడాలి. పుస్తకం చివర్లో ఎవరెవరి విధులేమిటో చెప్పే పట్టికలో దాసులు యజమానులకు లోబడాలన్న అపొస్తలుల మాటలు మళ్ళీ వస్తాయి. గుంటూరు జిల్లాలో పాలేరు కొడుకుకి యజమాని అంటే ఎవరో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడి పిల్లలకు ఒకప్పుడు దొర, తర్వాత ఓవర్‌మేన్, ఇప్పుడు కాంట్రాక్టరు. ఒకే జవాబులో అమ్మానాన్నలు, దొర ఒక వరసన నిలబడ్డారు. మనువు నాలుగు వర్ణాలకు విధులు పంచాడని ఊరూరా తిట్టే మనం ఈ విధుల పట్టికను ఎందుకు వదిలేశాం?

రెండూ ఒకటే అని మేం అనడం లేదు. మనుధర్మంలో శూద్రుడు పుట్టుకతో శూద్రుడు, లూథర్ పట్టికలో దాసుడు పుట్టుకతో దాసుడు కాడు. ఆ పట్టికలో యజమానులకూ బెదిరింపులు మానమని బుద్ధి చెప్పారు. తేడా ఉంది. కానీ కులం ఉన్న చోటికి ఆ పట్టిక వచ్చినప్పుడు కులమే దానికి అర్థం చెప్పుకుంది.

ఇదే పుస్తకంలో దీనికి విరుగుడూ ఉంది. పరలోక ప్రార్థనలో అనుదిన ఆహారం అంటే ఏమిటని అడిగి లూథర్ పెద్ద జాబితా ఇస్తాడు. అందులో కూడూ గుడ్డా మాత్రమే లేవు. మంచి ప్రభుత్వం, శాంతి, ఆరోగ్యం, మంచి ఇరుగుపొరుగు కూడా రొట్టెలో భాగమే. ఇది చిన్న మాట కాదు. సర్కారు మంచిదా కాదా అన్నది అన్నం సంగతే అని ఎనిమిదో తరగతి పిల్లలకు చెప్పిన పుస్తకం మన సోషల్ పుస్తకాల్లో కూడా మేం చూడలేదు. 1981లో గోదావరిఖని కార్మికులు 56 రోజులు సమ్మె చేసింది, ఒక రోజు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోస్తామన్నందుకు. ఆ ఇళ్ళలో అనుదిన ఆహారం అన్న ప్రార్థనకు ఆ 56 రోజుల్లో ఏమర్థం ఉండి ఉంటుందో పిల్లలచేత తాతల్ని, అవ్వల్ని అడిగించి రాయించవచ్చు. అది థియాలజీ పాఠమే.

ఇక దాచిపెట్టిన ఆ నాలుగేళ్ళ సంగతి. 1525 మార్చిలో మెమ్మింగెన్‌లో జర్మన్ రైతులు పన్నెండు కోరికలు రాసుకున్నారు. అడవి, చేపలు, కట్టెలు, పన్నులు, తమ పాస్టరును తామే ఎన్నుకునే హక్కు. మూడో కోరికలో, క్రీస్తు తన రక్తంతో అందర్నీ ఒకటిగా కొన్నాడు గనక మేం ఒకరి కింద బానిసలుగా ఉండటం కుదరదు అన్నారు. ఈ తర్కం లూథర్ దగ్గర నేర్చుకున్నదే. లూథర్ ఏం చేశాడు? మొదట ప్రభువుల్నీ రైతుల్నీ కలిపి మందలించాడు. క్రైస్తవ స్వేచ్ఛ ఆత్మకు సంబంధించింది, దాన్ని ఒంటికి అంటగట్టొద్దు అన్నాడు. తర్వాత తిరగబడ్డ రైతుల్ని చంపమని ప్రభువులకు రాశాడు. చనిపోయినవాళ్ళు 70 వేల నుంచి లక్ష దాకా అని చరిత్రకారుల అంచనా. మాన్స్‌ఫెల్డ్ గని పనివాళ్ళను లేపమని రాసిన థామస్ మ్యూంట్సర్ అనే పాస్టరును ఫ్రాంకెన్‌హౌసెన్‌లో ఓడించి, పట్టుకుని తల నరికారు. లూథర్ ఊరి గని పనివాళ్ళు, లూథర్ చదివించిన బైబిలు, లూథర్‌కు ఎదురు. ఇంతకన్నా మంచి పాఠం బొగ్గు పట్టీ పిల్లలకు ఏముంటుంది?

ఆత్మకు స్వేచ్ఛ, ఒంటికి కాదు అన్న మాట మన దగ్గర ఏ రూపం ఎత్తిందో అందరికీ తెలుసు. బాప్తిస్మంలో అందరూ సమానం. పెళ్ళి సంబంధాల దగ్గర, శ్మశానం దగ్గర కాదు. గుంటూరు వైపు లూథరన్లలో మాలలు ఎక్కువ, ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ అని చరిత్రకారులు పదే పదే రాశారు. మిషన్ల సరిహద్దులు చాలా చోట్ల కులాల సరిహద్దులయ్యాయి. 1994లో దండోరా మొదలైనప్పుడు చర్చిలు ఆ ప్రశ్నను లోపలికి రానిచ్చి చర్చించినట్టు మాకు కనపడలేదు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నది, 2025లో తెలంగాణ చట్టం చేసింది. బడిలో మాత్రం క్రీస్తునందు భేదం లేదన్న వాక్యం దగ్గరే పాఠం ఆగుతున్నది.

దళిత థియాలజీ వచ్చింది కదా అంటారు. వచ్చింది. 1981లో బెంగుళూరులో అర్వింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో మొదలైంది. తర్వాత మద్రాసు గురుకుల్ లూథరన్ థియలాజికల్ కాలేజీలో దానికొక విభాగమే పెట్టారు. మన హైదరాబాదులో కె. విల్సన్ 1982లోనే దళిత క్రైస్తవులు రెండుసార్లు పరాయీకరణకు గురయ్యారని పుస్తకం రాశాడు. లూథరన్ కాలేజీలోనే పెరిగిన ఈ ఆలోచన లూథరన్ హైస్కూలు మెట్టు దిగలేదెందుకు? ఇంగ్లీషు ఒక అడ్డం. పాస్టరు కాబోయేవాడికి చెబితే చాలు, పిల్లలకు ప్రశ్నోత్తరి చాలు అనుకోవడం ఇంకో అడ్డం. మాకు ఆ థియాలజీతోనూ ఒక పేచీ ఉంది. నిర్మల్ దళితుల వేదననే జ్ఞానానికి మూలంగా పెట్టాడు, క్రీస్తును దళితుడన్నాడు. బాగుంది. కానీ బాధపడే క్రీస్తును మాత్రమే చూపెడితే అది మళ్ళీ ఓర్చుకోమని చెప్పే ప్రసంగంగా మారడానికి ఎంతోసేపు పట్టదు. బాయిలో కప్పు కూలి తండ్రి పోయిన పిల్లకు వేదన గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. కప్పుకు దన్ను ఎందుకు పెట్టలేదని అడగడం నేర్పాలి.

తెలుగులో మనకు ఇంకో పాఠ్యపుస్తకం ఉంది, దాన్ని తెలుగు పీరియడ్‌కు వదిలేశారు. జాషువా గుంటూరులో లూథరన్ మిషను ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళ దాకా పనిచేసినవాడు. క్రైస్తవ ఇంట్లో పెరిగిన ఆ మనిషి 1941లో ‘గబ్బిలం’ రాస్తే అందులో దళితుడు తన మొర క్రీస్తుకు పంపలేదు, కాశీలో శివుడికి పంపాడు. గుళ్ళోకి తనకు లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది గనక. ఎందుకట్లా రాశాడు? క్రీస్తు దగ్గర మొర పెట్టుకోవాల్సిన అవసరం లేదనా, అక్కడా వినరనా, అన్యాయం చేసినవాడి దేవుణ్ణే నిలదీయాలనా? ప్రశ్నోత్తరిలో జవాబు ముందే ఉంటుంది. ఇక్కడ లేదు. అందుకే ఇది క్లాసుకు పనికొస్తుంది.

అన్నిటికన్నా కష్టమైంది ఎనిమిదో ఆజ్ఞ. అబద్ధ సాక్ష్యం పలకొద్దు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్తుడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు, క్రైస్తవులకు లేదు. మతం మారిన దళితులు మన దగ్గర బీసీ-సీ, ఒక శాతం. కనుక ఆదివారం చర్చిలో కన్ఫర్మేషన్ తీసుకున్న పిల్ల సోమవారం బడి రిజిస్టరులో హిందూ-మాల, హిందూ-మాదిగ. అదే బడిలో, అదే టీచరు ముందు ఆ పిల్ల ఎనిమిదో ఆజ్ఞకు అర్థం అప్పజెబుతుంది. అబద్ధ సాక్ష్యం ఎవరిది? పిల్లదా, బోనఫైడ్ రాసిచ్చిన బడిదా, అంటరానితనం బాప్తిస్మంతో పోతుందని నమ్మినట్టు నటించే రాజ్యానిదా? 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో చంపినవాళ్ళు ఎవర్నీ మతం అడగలేదు. రాజ్యాంగం 28వ అధికరణం, ఎయిడెడ్ బళ్ళలో పెద్దల సమ్మతి లేకుండా పిల్లలకు మతబోధ చేయొద్దంటుంది. దాని మీద చర్చ ఎప్పుడూ హిందూ పిల్లల గురించే. కాగితం మీద హిందువైన క్రైస్తవ పిల్ల ఏ సమ్మతి కిందికి వస్తుందో ఎవరూ అడగరు. ఈ ప్రశ్న వేస్తే సర్టిఫికెట్లు పోతాయని టీచర్లు, పాస్టర్లు భయపడతారు. ఆ భయం న్యాయమైందే. పిల్ల పేరు ఎత్తకుండా ఉత్తర్వునే బోర్డు మీద రాసి చదివించవచ్చు.

లూథరన్, సీఎస్ఐ, బాప్టిస్టు బళ్ళలో పనిచేస్తున్న టీచర్లు తమ క్లాసులో నాలుగో ఆజ్ఞ, ఎనిమిదో ఆజ్ఞ ఎట్లా చెబుతున్నారో, పిల్లలు ఏమడిగారో రాసి పంపితే ఈ చర్చను వచ్చే సంచికల్లో కొనసాగిస్తాం. బడి పేరు, పిల్లల పేర్లు రాయనక్కర్లేదు.