తలవైపు నిలబడే మనిషి

విజయవాడ సూర్యారావుపేటలో ఏ ఆపరేషన్ జరిగినా పేరు సర్జన్‌కే. తలవైపు నిలబడి ఊపిరి, నాడి, బీపీ కనిపెట్టుకుని ఉండే మత్తు డాక్టరు ముఖం రోగికి గుర్తుండదు. మరి నిద్రపుచ్చింది ఆయనే కదా! మందు తగ్గితే మెలకువ వస్తుంది, మించితే బీపీ పడిపోతుంది. కాలువ లాకు దగ్గర లస్కరు నీటిమట్టం చూసి షట్టరు ఎత్తి దించినట్టే ఈ పని.

చండీగఢ్ పీజీఐ ఆసుపత్రిలో డాక్టర్ గోవర్ధన్ దత్ పురి రూపొందించిన ‘క్లాడ్స్’ అనే మత్తు వ్యవస్థ ఆ లస్కరు పనిని యంత్రానికి నేర్పింది. నుదుటికి అంటించిన సెన్సర్ మెదడు తరంగాల్ని అంకెగా చూపుతుంది. 100కు దగ్గరైతే మెలకువ, 40-60 మధ్య ఆపరేషన్‌కు తగిన నిద్ర. అంకె పెరిగితే పంపు ప్రొపొఫాల్ అనే మత్తు మందు పెంచుతుంది, పడితే తగ్గిస్తుంది. భలే పనితనం! గొంతులో గొట్టం జారితే సర్దే చెయ్యి మాత్రం మనిషిదే.

ఈసారి ఆపరేషన్‌కు వెళ్తే ఆ మత్తు డాక్టరు పేరడిగి తెలుసుకోండి.