దుమ్ము తిన్న పిస్టన్

డర్ట్ బైక్ పిస్టన్ పోయిందంటే ముందు తిట్లు తినేది బండి కంపెనీ. నాకైతే విప్పిన పిస్టన్‌ని చేతిలోకి తీసుకుని తిప్పి చూడటం ఇష్టం. చుట్టూ నాలుగు చోట్ల నిలువు గీతలుంటే, ఇంజిన్ వేడెక్కకముందే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పేసి ఉంటారు. అల్యూమినియం పిస్టన్ గబగబా ఉబ్బుతుంది, సిలిండర్ ఇంకా చల్లగానే ఉంటుంది, పట్టేస్తుంది. టూ స్ట్రోక్‌లో ఎగ్జాస్ట్ వైపే గీసుకుపోతే జెట్ మూసుకుందో, ఏ సీలు గాలి పీలుస్తోందో చూడాలి. ఇన్‌టేక్ వైపు మెరుపు పోయి బూడిదరంగు తేలిందా, అది దుమ్ము పనే.

వికారాబాద్ వైపు ఎర్రమట్టి బాటల్లో గుంపుగా తిరిగొచ్చే బళ్లలో నేను ఎక్కువగా చూసింది ఈ మూడోదే. ముందు బండి లేపిన దుమ్మంతా వెనకబండి మింగుతుంది. టూ స్ట్రోక్‌లో ఆ గాలి ముందు క్రాంక్‌కేస్‌లోకి వెళ్లి, తర్వాతే పైకి వస్తుంది. అంటే ఫిల్టర్ దాటిన మట్టి పిస్టన్‌నే కాదు, బేరింగుల్నీ పలకరిస్తుంది.

ఫోమ్ ఫిల్టర్‌ని కంప్రెసర్‌తో ఊదేసి పెట్టేస్తే చాలదు. ఫిల్టర్ క్లీనర్‌తో కడిగి, సబ్బునీళ్లలో జాడించి, అరచేతుల మధ్య నొక్కి నీళ్లు తీయాలి. మెలిపెడితే అతుకులు ఊడతాయి. నీడలో బాగా ఆరాక, పసిపిల్ల తలకు పట్టించినట్టు ఫిల్టర్ ఆయిల్‌ని అంతటా ఇంకేదాకా రుద్దాలి. అంచుకు గ్రీజు. చివరగా ఫిల్టర్ లోపలి గొట్టంలో తెల్లగుడ్డ పెట్టి తుడవండి. గుడ్డ ఎర్రబడితే ఎక్కడో సందు ఉన్నట్టే. చేతులు జిడ్డవుతాయి, విసుగు పుడుతుంది. ఇంజిన్‌కి ఇంతకన్నా మేలు చేసే పని నాకు కనబడలేదు.

ఇక గంటల లెక్క. 250 సీసీ మోటోక్రాస్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ నిమిషానికి 14,000 సార్ల దాకా తిరుగుతుంది. బరువు తగ్గాలని పిస్టన్ స్కర్ట్ పొట్టిగా చేస్తారు. అది అరిగితే మార్చే సామానే. ఎన్ని గంటలకో మాన్యువల్‌లో ఉంటుంది, అవర్ మీటర్ బిగించుకుంటే సరి. ‘బాగానే నడుస్తోందిగా’ అని సాగదీస్తే స్కర్ట్ విరిగి కిందపడుతుంది, కనెక్టింగ్ రాడ్, క్రాంక్ కూడా దాంతోనే పోతాయి. ఆర్ఎక్స్ 100 రోజుల్లో ఇనుప లైనర్‌కి బోరు కొట్టించి గట్టెక్కేవాళ్లం. నికాసిల్ పూత ఉన్న సిలిండర్‌కి లేత్ షాపులో ఆ వైద్యం కుదరదు.

పిస్టన్ మార్చేటప్పుడు సర్‌క్లిప్పులూ కొత్తవే వేయించండి. ‘పాతవి గట్టిగానే ఉన్నాయి సార్’ అని మెకానిక్ అంటాడు, వినకండి. ఒక్కటి జారినా సిలిండర్ గోడను గీకేస్తుంది.