పేరు తొలగిన అనుసరణ: ‘ద లాస్ట్ స్టార్‌ఫైటర్’ వీడియో గేమ్

నిక్ కాసిల్ దర్శకత్వంలో 1984లో వచ్చిన ‘ద లాస్ట్ స్టార్‌ఫైటర్’ చిత్రానికి ఒక వీడియో గేమే కథాబీజం. ఆ ఆటలో నెగ్గిన యువకుడు అలెక్స్ రోగన్ నిజమైన అంతరిక్ష యుద్ధానికి ఎంపికవుతాడు. చిత్రాంతపు పేర్ల జాబితాలో ప్రకటించిన అటారీ ఆట మాత్రం ఆ పేరుతో వెలువడలేదు. చిత్రం విడుదలైన జులైలోనే అటారీ గృహ వినియోగ విభాగం జాక్ ట్రమీల్ చేతికి వెళ్లింది. గృహ కంప్యూటరు కోసం రూపొందిన ఆట 1986లో ‘స్టార్ రైడర్స్ 2’గా విడుదలైంది. సినిమా పేరు తొలగించినా ఆట నిలిచిందంటే, ఆ అనుసరణలో కథకు దక్కిన స్థానమెంత అన్న ప్రశ్న తప్పదు. శత్రునౌకలను కూల్చడం ఏ అంతరిక్ష గాథకైనా సరిపోతుంది. ఇల్లు విడవాలా వద్దా అన్న అలెక్స్ సంశయం ఈ చిత్రానికే చెందినది. రద్దయిన ఆటలను కేవలం వ్యాపార వైఫల్యాలుగా లెక్కించే పరిశీలన ఈ భేదాన్ని గుర్తించలేదు.